సర్దారు కడిగేసిన కంచం

కోపం వస్తే కొందరు ఇల్లు పీకి పందిరేస్తారు. నేను అంట్లు తోముతాను. మా ఇంట్లో గిన్నెలు అద్దాల్లా మెరుస్తాయని చుట్టుపక్కల ఆడవాళ్ళు మెచ్చుకుంటారు. ఎందుకు మెరుస్తాయో తెలిస్తే మెచ్చుకోవడం మానేసి మా ఆయన్ని జాలిగా చూస్తారు. యాభై ఏళ్ళ పైబడి తోముతున్నా ఒక్క కంచం మీది కోపం మాత్రం నాకు వదల్లేదు. తమాషా ఏమిటంటే ఆ కంచం నాది కాదు, దాన్ని తోమింది నేనూ కాదు. ఒక పంజాబీ సర్దారు.

అరవైల చివరి రోజులు. నాకు పెళ్ళయి ఏడాది దాటింది, కడుపులో ఐదో నెల. అత్తవారిది చీపురుపల్లికి దగ్గర్లో ఒక పల్లె. పల్లంలో వరి, మెట్టలో చోళ్ళు, అంటే రాగులు, కాస్త గోగు వేసే ఇల్లు. మావగారు అప్పటికే పోయారు. మరిది విజయనగరంలో చదువుకుంటూ అక్కడే ఉండేవాడు. ఇంట్లో అత్త, మా ఆయన, నేను.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త కోడలికి వేరే కంచం ఉండదు. మొగుడు తిని లేచాక అదే కంచంలో, కడక్కుండా, తను వడ్డించుకుని తినాలి. మొగుడు అడుగున ఒక ముద్ద మిగల్చాలి. ఆ ముద్ద మీద కోడలు తన అన్నం పెట్టుకోవాలి. తొలి కాన్పయి, బిడ్డకు అన్నం ముట్టించే రోజున పుట్టింటివాళ్ళు కంచు కంచం తెస్తే, అప్పుడు ఆమెకంటూ ఒక కంచం. అందాకా మొగుడి ఎంగిలే. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించేశారు కాబట్టి నాకు ఇంగ్లీషు రాలేదు గాని, ఎంగిలి మాత్రం బాగానే వచ్చింది. ప్రాణస్నేహితుల్ని గురించి ఒకే కంచం, ఒకే మంచం అంటారు కదా. మాదీ ఒకే కంచం. కాకపోతే ఆయనది మొదటాట, నాది రెండో ఆట.

ఏడాదిపాటు ఇదంతా నాకు తప్పుగా తోచలేదని ఒప్పుకోవాలి. ఆయన మిగిల్చిన ముద్ద పెద్దదైతే ఆ పూట నామీద ప్రేమ ఎక్కువుందని మురిసిపోయేదాన్ని. అంత తెలివైనదాన్ని.

ఆ రోజు మేము టెక్కలి వైపు మా అత్త అప్పగారింట్లో గృహప్రవేశం చూసుకుని తిరిగి వస్తున్నాం. తెల్లారగట్ల మొదటి బస్సుకి బయల్దేరాం. బయల్దేరేటప్పుడు ఆ అప్పగారు నా చేతికి పులిహోర మూట ఇచ్చింది. అదే క్షణంలో మా అత్త ఒక గుమ్మడికాయ ఇచ్చింది. ఒక చేతిలో అప్పటికే మరచెంబుంది. దేవుడు నాకు చేతులు రెండే ఇచ్చాడు గనక, పులిహోర మూట అరుగు మీద పెట్టి, గుమ్మడికాయని చంకనెత్తుకుని, పులిహోరని అక్కడే మరిచిపోయి బస్సెక్కాను.

బస్సు నరసన్నపేట ఇంకా చాలా దూరం ఉందనగా ట్రంకు రోడ్డు మీద పెద్ద దగ్గు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు దిగాడు, చూశాడు, బీడీ వెలిగించాడు. కండక్టరు ఎదురొచ్చిన లారీ ఎక్కి మెకానిక్కుని తీసుకురావడానికి వెళ్ళాడు. పొద్దెక్కింది. మా అత్త చెయ్యి చాపింది.

"మూటేదే?"

నేను గుమ్మడికాయ చూపించాను.

"ఓలమ్మా! పులిహోర వొగ్గేసి గుమ్మిడికాయ మోసుకొచ్చినావా? ఇప్పుడిది ఏటి సేసుకోమంటావు? నీ నెత్తిమీద కొట్టి పగలగొట్టి పచ్చిది నమలమంటావా?"

బస్సంతా నవ్వింది. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని విన్నాను గాని, గుమ్మడికాయని అందరికీ ఎత్తి చూపించినదాన్ని నేనే. తప్పు నాదే గనక ఇక ఆకలి అని నోరెత్తే హక్కు నాకు పోయింది. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనే నాకు చెప్పుకున్నాను. కోడళ్ళకి ఇలాంటివి ఒకరు చెప్పనక్కర్లేదు.

నాలుగు నెలలు ఏది తింటే అది కక్కుకున్నదాన్ని. ఐదో నెల రాగానే వేవిళ్ళు ఆగి ఆకలి మొదలైంది. మామూలు ఆకలి కాదది. కడుపులో ఎవరో కూర్చుని కొంగు పట్టుకు గుంజుతున్నట్టుండేది. ముందురోజు రాత్రి పెళ్ళివారింటి హడావిడిలాంటి హడావిడిలో మగవాళ్ళు తిని, ముసలివాళ్ళు తిని, ఆయన కంచం నాకు చేరేసరికి పప్పు గిన్నె అడుగంటింది. రెండు మెతుకులు మజ్జిగలో వేసుకుని లేచాను. కాబట్టి ఆ పొద్దున్న బస్సులో నా పక్కన కూర్చున్న, సముద్రపొడ్డు భావనపాడు నుంచి చేపలమ్మే ఆవిడ బుట్టలోంచి వచ్చే ఎండుచేపల వాసనకి మా అత్త ముక్కుకి పైటకొంగు అడ్డం పెట్టుకుంటే, నేను ఎవరూ చూడకుండా గట్టిగా పీలుస్తున్నాను.

కండక్టరు రాలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. మా ఆయన దిగి, రోడ్డు పక్కకి వెళ్ళి చూసి వచ్చి, "అమ్మా, అక్కడ పంజాబీవోళ్ళ డాబా ఉన్నాది. లారీవోళ్ళు తింతన్నారు. పద" అన్నాడు.

అత్త కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. మా వైపు డాబా అంటే సిమెంటు మేడ.

"డాబా అన్నావు, తాటాకులేటిరా?"

నిజమే. డాబా లేదు, డాబూ లేదు. నాలుగు రాటల మీద తాటాకు పందిరి. పందిరి కింద మట్టి దిమ్మె, అందులో కడుపు నిండా నిప్పులున్న మట్టి పొయ్యి. పక్కనే కుండంత గిన్నెలో ఏదో నల్ల పప్పు కుతకుతలాడుతోంది. బయట ఐదారు నులకమంచాలు. లారీ డ్రైవర్లు వాటి మీద బాసింపట్లు వేసుకుని, అడ్డంగా ఒక చెక్క పెట్టుకుని, దాని మీద కంచాలు పెట్టుకు తింటున్నారు.

"మంచమ్మీద కూకోని తింతారా! ఈళ్ళేటి బాలింతలా?" అంది అత్త.

సర్దారు పెద్దమనిషి. తలకి గుడ్డ బిగించి కట్టుకున్నాడు. ముంజేతుల మీద వెంట్రుకలు నిప్పుసెగకి మాడిపోయాయి. పిండి ముద్ద తీసి, పీటా కర్రా ఏదీ లేకుండా, రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు కొట్టి, రొట్టె చేసి, ఒక గుడ్డ దిండు మీద పరిచి పొయ్యి లోపలి గోడకి ఠపీమని అంటించేవాడు. కాసేపటికి ఇనుప కొక్కెంతో లాగితే అది ఉబ్బి, అక్కడక్కడ మచ్చలతో బయటికొచ్చేది. దాని మీద నెయ్యి రాసేవాడు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు అనే సామెత నాకు తెలుసు గాని, ఆ సంఘటన కళ్ళారా చూడటం అదే మొదటిసారి. చూడటం వరకే.

మా ఆయన మంచం మీద కూర్చున్నాడు. అత్త ఏమీ తిననంది. మావగారు పోయినప్పటినుంచి ఆవిడ బయటి కూడు ముట్టదు. నేను రాట పట్టుకుని నిలబడ్డాను. భావనపాడు ఆవిడ ఎవర్నీ అడక్కుండా పక్క మంచం మీద కూర్చుని, "రొట్టి ఎట్టు బాబూ, ఉల్లిపాయి ఎక్కువెయ్యి" అని తెలుగులోనే చెప్పింది. సర్దారుకి అర్థమైంది. ఆకలితో అడిగేవాళ్ళ భాష ఎవరికైనా అర్థమవుతుందనుకుంటాను. నాలాగా నిలబడి చూసేవాళ్ళ భాషే ఎవరికీ అర్థం కాదు.

మా ఆయనకి సత్తు కంచం వచ్చింది. రెండు రొట్టెలు, పప్పు, నాలుగు ముక్కలు ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. ఆయన మొదటి ముక్క చించి పప్పులో ముంచాడు. నేను గుటక వేశాను. ఆయన తల ఎత్తలేదు. రెండో రొట్టె. మూడో రొట్టె. మూడోదాని మధ్యలో ఒకసారి తల ఎత్తి, "బావున్నాదమ్మా" అని వాళ్ళమ్మతో అన్నాడు. నాలుగో రొట్టె. మధ్యలో సర్దారు వచ్చి, "బస్?" అని అడిగాడు. వాళ్ళ భాషలో చాలా అని అడగటం. ఆ సంగతి తెలియని మా అత్త దిగులుగా, "బస్సు పాడైపోనాది బాబూ, పొద్దున్నగా ఇక్కడే ఉన్నాం" అని కష్టసుఖం చెప్పుకుంది. ఆయన ఇంకో రొట్టె వేసి వెళ్ళాడు.

ఐదో రొట్టె.

అప్పటిదాకా నాకు ఆకలే. కోపం లేదు. ఆకలి, అలక, రెండూ అవే అక్షరాలు కాస్త అటూ ఇటూ. అటుది ఇటు అవుతున్న సంగతి నాకే తెలియలేదు. పరవాలేదు, ఆయన లేవగానే నా వంతు వస్తుంది, ఆ కంచంలో రెండు వేడి రొట్టెలు వేయించుకుంటాను అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

అన్నమైతే అడుగున ముద్ద మిగల్చడం ఆయనకి అలవాటు. చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. రొట్టెకి ఆ అలవాటు లేదు. చివరి ముక్కతో కంచం అంచుల దాకా, గోడకి సున్నం వేసినట్టు, పప్పంతా తుడిచి నోట్లో పెట్టుకుని లేచాడు. అలా లేచాడో లేదో సర్దారు వచ్చి కంచం తీసుకెళ్ళి బూడిద నీళ్ళ తొట్లో పడేశాడు.

"అయ్యో! ఆ కంచం!" అని మా అత్త కేక పెట్టింది.

సర్దారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. అత్త తొట్టి దగ్గరికి పరిగెత్తి కంచం చూపించి, చెయ్యి తిప్పి, మా ఆయన్ని చూపించి, నన్ను చూపించి, "అది కడక్కూడదు నాయినా! ఎంగిలి! ఆడిది! దీనికి కావాల!" అంది.

సర్దారు కంచం ఎత్తి చూసుకున్నాడు. కంచం మురికిగా ఉందని ఈ ముసలమ్మ గొడవ పెడుతోంది అనుకున్నాడు. మొహం ఎర్రబడింది. పిడికెడు బూడిద తీసి గరగరా తోమాడు. మంచినీళ్ళు పోసి కడిగి, భుజం మీది గుడ్డతో తుడిచి, ఎండకి ఎత్తి చూపించాడు.

అత్త నెత్తి కొట్టుకుంది. "కడిగీకు బాబూ, కడిగీకంటే!"

ఆయన మళ్ళీ తోమాడు. ఈసారి వెనకవైపు కూడా. ఏదో గొణుక్కుంటూ. నా పుణ్యాన ఆ పూట ఆ ట్రంకు రోడ్డు మీద అంత శుభ్రమైన కంచం ఇంకొకటి లేదు. లారీ డ్రైవర్లు తినడం ఆపి చూస్తున్నారు. ఎంగిలి కావాలని ఇంత పట్టుబట్టే మనుషులుంటారని ఆ మనిషికి ఎలా తడుతుంది? ఊళ్ళో మా ఇంటిని గొప్పగా చూసేవాళ్ళు చాలామంది. ఇక్కడ మేము ఎంగిలి కంచం కోసం బతిమాలుతున్నాం.

తళతళలాడే కంచం తెచ్చి, ఖంగుమని మంచం మీద పెట్టి, నన్ను కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు. నేను అత్త వైపు చూశాను. అక్కడే తెలివితక్కువ పని చేశాను. చూడకుండా కూర్చుంటే సరిపోయేది.

"కడిగీసిన కంచంలో ఎలా తింతావే? కడుపుతో ఉన్నావు. నా ఇంట్లో ఎవులూ అలాగ తిన్లేదు."

"ఇంటికెల్లినాక తింటాది లేమ్మా" అన్నాడు మా ఆయన.

ఆ మాట అన్నాక త్రేన్చాడు. ఆ త్రేన్పు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

పక్క మంచం మీంచి భావనపాడు ఆవిడ, బుగ్గ నిండా రొట్టెతో, "ఓలప్పా, ఏటీ సోద్యం! కడుపుతో ఉన్న గుంటని నిలబెట్టీసి కంచాల్తోటి ఆటలాడతన్నారు. పెట్టండి దానికి" అంది.

"మా ఇంటి సంగతి నీకెందుకే?" అంది అత్త.

"నాకెందుకు? నాకేటీ నేదు." ఆవిడ నావైపు తిరిగింది. "నిన్నే పిల్లా. నోరు నేదేటి నీకు? సచ్చిన సేపకైనా నోరు తెరిసుంటాది."

నాకు మంటెత్తిపోయింది. ఎవరి మీదో చెప్తే మీరు నవ్వుతారు. అత్త మీద కాదు, మా ఆయన మీద కాదు. ఆవిడ మీద. నలుగురిలో నన్ను చేప కంటే తక్కువ చేసిందని. నాకు అప్పట్లో కోపం కూడా తిన్నగా ఒకచోటికి వెళ్ళడం రాదు. దారి తెలియని బస్సులాగ ఎవరు చెయ్యెత్తితే వాళ్ళ దగ్గర ఆగేది.

కాని ఆ మాట అత్తకి తగిలినట్టుంది. ఆవిడ ఒక ఉపాయం ఆలోచించింది. ఆవిడ చెడ్డది కాదు. నన్ను పస్తు పెట్టాలని ఆవిడకి లేదు. ఆచారం చెడకుండా నాకు తిండి పెట్టాలని నిజంగానే తాపత్రయపడింది. అందుకే ఆ ఉపాయం తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతుంది.

"ఒరే అబ్బాయ్, కూకో. ఇంకో రొట్టి తిను. ఈసారి ముక్క మిగుల్సు."

"కడుపు పట్టదమ్మా. ఐదు తిన్నాను."

"పెల్లాం కోసం ఆమాత్రం తిన్లేవేటిరా?"

ఆయన నావైపు చూశాడు. ఎంత త్యాగం చేస్తున్నానో చూడు అన్నట్టు ఒక చూపు. మళ్ళీ కూర్చున్నాడు. సర్దారుకి సంతోషమైంది, ఈ మనిషికి రొట్టెలు నచ్చాయని. వేడివేడిగా రెండు తెచ్చి వేశాడు. నాకు ఆకలి తీరడానికి నా మొగుడు రెండోసారి భోజనం చేస్తున్నాడు. నేను రాట పట్టుకుని నిలబడి, ఆయన ఒక్కొక్క ముక్క కష్టపడి నమిలి, కళ్ళనీళ్ళు పెట్టుకుని మింగుతుంటే చూస్తున్నాను. నన్ను పతివ్రత అంటారేమో గాని, ఆ పూట నాది పస్తువ్రతం.

"ఆకలి ఒకలిదీ, అరుగుదల ఇంకొకలిదీ" అంది భావనపాడు ఆవిడ, చెయ్యి కడుక్కుంటూ.

అప్పుడు రోడ్డు మీంచి హారను మోగింది. మెకానిక్కు ఎప్పుడొచ్చాడో, ఏం చేశాడో, బస్సు గురగురమంటోంది. కండక్టరు అరుస్తున్నాడు, "రండి రండి, బేగి రండి, మల్లీ ఆగిపోతే నాది పూసీ కాదు!"

"లెగూ, లెగూ, ఆ ముక్క వొగ్గీ!" అంది అత్త.

మా ఆయన కంగారు పడ్డాడు. చిన్నప్పటినుంచి పళ్ళెంలో వదిలెయ్యకు, పాపం అని చెప్పి పెంచిన చెయ్యి అది. హారను మళ్ళీ మోగేసరికి మిగిలిన ముక్కంతా ముద్ద చేసి నోట్లో కుక్కుకుని లేచేశాడు. సర్దారు వచ్చాడు. కంచం తీశాడు. ఈసారి ఎవరూ ఏమీ అనకముందే, ఈ జనం శుభ్రత సంగతి తెలిసినవాడిలాగ, రెండుసార్లు తోమాడు.

నాలో ఏదో తెగింది.

నేను తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళాను. సర్దారు తిరిగొచ్చి కొక్కెంతో రొట్టె బయటికి లాగుతున్నాడు. రెండు చేతులూ దోసిలి పట్టాను. ఆయన కంచం కోసం చూశాడు. నేను తల అడ్డంగా తిప్పి, దోసిలి ఇంకా ముందుకి చాపాను. ఆయన నా మొహం చూశాడు, నా కడుపు చూశాడు, మా అత్త వైపు ఒకసారి చూశాడు. రొట్టె నా చేతుల్లో పెట్టి, దాని మీద గరిటెడు నెయ్యి, ఒక ఉల్లిపాయ పడేశాడు.

అరచేతులు కాలాయి. నేను అక్కడే నిలబడి తిన్నాను. మా ఇంటి ఆచారంలో కంచం గురించి ఎన్ని నియమాలున్నా, అసలు కంచమే లేకపోతే ఏం చెయ్యాలో లేదు. ఆ సంగతి అప్పుడు ఆలోచించి చేశానని చెప్పుకుంటే గొప్పగా ఉండేది. ఏమీ ఆలోచించలేదు. నెయ్యి మోచేతుల దాకా కారుతోంది. ఆకలి రుచెరగదంటారు. అబద్ధం. ఆ రొట్టె రుచి నాకు ఇప్పటికీ ఎరుకే.

"అమ్మా, బస్సు ఎలిపోతాది!" అని కండక్టరు దగ్గరికొచ్చి అరిచాడు.

"ఎలిపోనీ" అన్నాను.

పెళ్ళయ్యాక మగవాళ్ళ ఎదుట అంత గట్టిగా మాట్లాడటం నాకదే మొదలు. బస్సు కిటికీల్లోంచి తలకాయలన్నీ బయటికొచ్చాయి. అవన్నీ ఒక గర్భిణీ రొట్టె తినడం చూస్తున్నాయి. చూడనీ అనుకున్నాను. మొదటిది అయిపోగానే మళ్ళీ దోసిలి పట్టాను. సర్దారు రెండోది పెట్టి, "చాల్?" అన్నాడు తెలుగులో. చాలదని తల ఊపాను. మూడోది కూడా పెట్టాడు. దాన్ని మడిచి చేత్తో పట్టుకుని బస్సెక్కాను. కూర్చుని, అందరి ముందూ అది కూడా తిన్నాను. అత్త కిటికీ వైపు తిరిగిపోయింది. భావనపాడు ఆవిడ మరచెంబు మూత తీసి నా ముందు పెట్టింది.

శ్రీకాకుళం వస్తుండగా మా ఆయన నా చెవి దగ్గర మెల్లిగా అన్నాడు.

"అంత ఆకలేసినప్పుడు సెప్పొచ్చు కదేటే?"

ఆ మాటకి నాకు వచ్చిన కోపానికి ఆ బస్సు బొగ్గు, ఆయిలు ఏదీ లేకుండా చీపురుపల్లి దాకా నడిచేది.

ఇంటికి వెళ్ళాక మాత్రం ఏమీ జరగలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. రొట్టెతోపాటు నా ధైర్యం కూడా అరిగిపోయినట్టుంది. మర్నాడు మధ్యాహ్నం ఆయన తిని కంచం నావైపు జరిపాడు. నేను కూర్చుని తిన్నాను. ఆయనకి ఒక్కటే అర్థమైంది, తను మిగిల్చేది నాకు చాలడం లేదని. పాపం, ఆ రోజునుంచి ముద్ద బదులు సగం అన్నం మిగిల్చేసేవాడు. పది రోజులకి అత్త, "నా కొడుకు సిక్కిపోతన్నాడు, దిష్టి తీయాల" అంది.

నేను ఇంకో దారి పట్టాను. పొద్దున్నే పొయ్యి ముట్టించాక, అత్త పశువుల సాల దగ్గరికి వెళ్ళగానే, మినప రొట్టె ఒకటి కాల్చి, పెనం మీంచే చేత్తో తీసుకుని, గోడ వైపు తిరిగి తినేసేదాన్ని. తరవాత అందరి ముందూ బుద్ధిగా ఎంగిలి కంచంలో కూర్చునేదాన్ని. రోజూ. కాన్పుకి పుట్టింటికి వెళ్ళేదాకా. బిడ్డ బొద్దుగా పుట్టింది. చూడ్డానికొచ్చిన ప్రతి ఆడమనిషితోనూ అత్త అంది, "మా ఇంటి ఆచారం అలాంటిది. మొగుడి కంచంలో తిన్న గుంటకి బిడ్డ ఇలాగే పుడతాది. కాదేటే?" అందరూ నావైపు చూసేవారు.

"అవునప్పా" అనేదాన్ని వాళ్ళతో.

నాలుగేళ్ళకి, చదువు ముగించి ఊరొచ్చేసిన మరిదికి పెళ్ళయింది. తోడికోడలు వచ్చింది, విజయనగరం పిల్ల, సన్నగా. ఆ పిల్లకి మూడో నెలలో ఒకరోజు వంటింట్లో కళ్ళు తిరిగి గోడకి చేరబడిపోయింది. మగవాళ్ళు ఇంకా పొలం నుంచి రాలేదు. అత్త గుమ్మంలో నిలబడి, "ఆడు రానీ, ఆడు తిన్నాక తిందువు గాని. పెద్దదాన్నడుగు. ఆ కంచంలో తినే దానికి ఎలాంటి బిడ్డ పుట్టినాదో" అంది.

ఆ పిల్ల నావైపు చూసింది. నేనన్న "అవునప్పా"లన్నీ ఆ చూపులో కనబడ్డాయి. నా అబద్ధం తిని ఇంకో మనిషి పస్తుంటోంది.

పెనం మీద నేను వేసిన రెండు రొట్టెలు కాలుతున్నాయి. ఒకటి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను.

"తిను" అన్నాను. అత్త వైపు తిరిగాను. "ఆ కంచంలో తిని కాదత్తా నాకు బిడ్డ పుట్టినాది. రోజూ నువ్వు సాల దగ్గరికెల్లినాక ఇక్కడ దొంగతనంగా రొట్టి తిన్నాను. ఐదో నెల్నుంచీ."

అత్త అరుస్తుందనుకున్నాను. అరిస్తే నాకూ అరవడానికి వీలుండేది. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి, పెనం వైపు చూసింది.

"నాకు తెల్దనుకున్నావేటి?" అంది.

నేను పిండి గిన్నె వైపు చూశాను.

"పిండి తరిగిపోతే తెలీదా? నాను సాల దగ్గర అంతసేపు ఏటి సేస్తన్నాననుకున్నావు? నువ్వు తినీదాకా కాసుకుని కూకున్నాను. నా అత్త సెరువుకెల్లినప్పుడు నానూ అలాగే తిన్నాను. సోడి రొట్టి."

ముందు నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళంతా మండింది. ఆ ట్రంకు రోడ్డు మీద వచ్చింది దీని ముందు కోపమే కాదు. ఎంతమంది, ఎన్నేళ్ళనుంచి, ఈ గోడ వైపే తిరిగి నమిలి, మూతి తుడుచుకుని, వెళ్ళి ఎంగిలి ముద్దకి పేరిచ్చారు? ఆ రోజు అన్నీ తెలిసి కూడా ఆవిడ నన్ను రాటకి నిలబెట్టి, కొడుకు చేత రెండోసారి తినిపించింది.

"తెలిస్తే మరి ఎందుకు సెప్పలేదత్తా? ఎందుకత్తా నన్నలాగ నిలబెట్టీసినావు?"

"నాకెవులు సెప్పినారే?" అంది అత్త.

గట్టిగానే అంది. ఆవిడా కోపంగానే ఉంది. ఎవరి మీదో ఆవిడకీ తెలిసినట్టు లేదు.

గోడకి చేరబడ్డ పిల్ల మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ రొట్టె పూర్తి చేసి, మాడిపోతోంది అన్నట్టు పెనం మీదున్న రెండోది తనే తీసుకుంది.